యూనివర్సిటీ పేపర్లలో ముప్పు ఎక్కడుందో పసిగట్టడం ఎలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఈమధ్యే మీకు యూనివర్సిటీ పరిశోధన విభాగం బాధ్యత అప్పగించారు. అచ్చయ్యాక జర్నల్ ఉపసంహరించిన పేపర్లకు 2025 నుంచి కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల్లో మార్కులు కోస్తున్నారని పత్రికల్లో చదివిన వీసీగారు, మన పేపర్లలో ఎంత ముప్పు ఉందో మూడు నెలల్లో నివేదిక ఇవ్వమన్నారు. పేపరులోని వాక్యాలు ఇతరుల రాతలతో ఎంత శాతం కలుస్తున్నాయో చూపే సిమిలారిటీ రిపోర్టులు లైబ్రరీలో ఎలాగూ ఉన్నాయి, వాటిని గుదిగుచ్చి ఇస్తే సరిపోతుందా అని మీరు అడుగుతున్నారు.

సరిపోదు మేడమ్. ఆ రిపోర్టులు తయారుచేసే లైబ్రేరియన్‌గానే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను. రిటైరయ్యాక రెండు యూనివర్సిటీలకు మీరిప్పుడు చేయబోయే పనే చేసిపెట్టాను. రెండుచోట్లా నాకు మొదట చేతికిచ్చినవి ఆ రిపోర్టుల కట్టలే, రెండుచోట్లా అసలు ముప్పు వాటిలో లేదు.

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 వరకు ఒక స్థాయి, 40 నుంచి 60 వరకు ఇంకొకటి, 60 దాటితే మూడోది. నిబంధన పెట్టిన ఉద్దేశం మంచిదే. కానీ అంకె పెట్టగానే అందరి చూపూ అంకె మీదికి పోయింది. పక్కవాడి వాక్యాలు తెచ్చి, మాటలు మార్చే సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి తిప్పితే పోలిక 7 శాతానికి దిగుతుంది. ఆ సాఫ్ట్‌వేర్‌కు శాస్త్రం తెలియదు, పర్యాయపదాలే తెలుసు. అందుకని ‘బ్రెస్ట్ క్యాన్సర్’ను ‘బోసమ్ పెరిల్’ అనీ, ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ను ‘కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్’ అనీ రాసిపెడుతుంది. పప్పుచారును ‘ద్విదళ ద్రవం’ అన్నట్టు. 2021లో గియోమ్ కబనాక్, సిరిల్ లబ్బే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే ముగ్గురు పరిశోధకులు ‘టార్చర్డ్ ఫ్రేజెస్’ (చిత్రహింస పదబంధాలు) అని తాము పేరుపెట్టిన ఇలాంటి మాటలను వేల పేపర్లలో వెతికి పట్టుకునే దారి చూపారు. అలా పట్టుకునే వెబ్‌సైటు, కబనాక్ నడిపే ప్రాబ్లమాటిక్ పేపర్ స్క్రీనర్, అందరికీ అందుబాటులో ఉంది.

నేను చూసిన ఒక పేపరు ఇలాంటిదే. సిమిలారిటీ 8 శాతం, లైబ్రరీ ముద్ర ఉంది, గైడ్ సంతకం ఉంది. మూడో పేజీలో ‘బోసమ్ పెరిల్’ ఉంది. గైడ్‌గారిని టీకి పిలిచి ఆ పేరా పైకి చదవమన్నాను. ఆయన చదివారు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు. ‘ఇది నా పేపరేనా?’ అని అడిగారు. అబద్ధమాడలేదు, ఆయన దాన్ని నిజంగానే ఎన్నడూ చదవలేదు. ఆ ముద్ర వేసింది మా లైబ్రరీలాంటి లైబ్రరీయే కదా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, అది వేరే సంగతి.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? పేపర్లతో వద్దు, మీ సర్క్యులర్లతో మొదలుపెట్టండి. గత అయిదారేళ్లలో పరిశోధన, పదోన్నతి, పీహెచ్‌డీ, నగదు ప్రోత్సాహకాల గురించి మీ యూనివర్సిటీ ఇచ్చిన ప్రతి సర్క్యులర్‌ను ఒక ఫైలులో పెట్టి ఒక్క ఆదివారం కూర్చుని చదవండి. స్కోపస్ అనే అంతర్జాతీయ సూచికలో ఉన్న జర్నల్‌లో వచ్చిన పేపరుకు ఇంత అని డబ్బు రాశారా? సహ రచయితలు ఎంతమంది ఉన్నా ఒక్కొక్కరికీ పూర్తి పాయింట్లు ఇస్తున్నారా? ఏడాదికి ఇన్ని పేపర్లు లేకపోతే ఇంక్రిమెంట్ ఆపుతామన్నారా? బోధన గంటలు తగ్గించకుండా ఆ లక్ష్యం పెట్టారా? వారానికి పద్దెనిమిది గంటలు పాఠం చెప్పి, అడ్మిషన్ల డ్యూటీ చేసి, ల్యాబులో సరైన పరికరం కూడా లేని అధ్యాపకుడు ఏడాదికి నాలుగు స్కోపస్ పేపర్లు తేవాలంటే ఎక్కడి నుంచి తెస్తాడు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు వాట్సాప్‌లో, టెలిగ్రామ్‌లో సిద్ధంగా ఉన్నారు. మొదటి రచయిత స్థానానికి ఒక ధర, చివరి స్థానానికి ఇంకో ధర. పేపరు అప్పటికే ఆమోదం పొంది ఉంటుంది, పేరు చేర్చడమే తరువాయి. ఈ సరుకు తయారుచేసేవాటినే పేపర్ మిల్లులు అంటున్నారు.

పీహెచ్‌డీ నిబంధన కూడా చూడండి. 2016 నిబంధనల్లో యూజీసీ థీసిస్ ఇవ్వడానికి ముందు కనీసం ఒక జర్నల్ పేపరు, రెండు సదస్సు పత్రాలు ఉండాలంది. 2022లో దాన్ని తీసేసింది. అయినా చాలా యూనివర్సిటీలు సొంత నిబంధనగా అట్టే పెట్టుకున్నాయి, కొన్ని పెంచాయి కూడా. మీదీ అలాంటిదే అయితే నివేదిక మొదటి పేజీలోనే రాయండి. ఎన్‌ఐఆర్‌ఎఫ్ యూనివర్సిటీల విభాగంలో పరిశోధనకు 30 శాతం వెయిటేజీ ఉంది. ఆ ఒత్తిడి వీసీగారి మీద నుంచి డీన్ మీదికి, డీన్ నుంచి హెడ్ మీదికి, హెడ్ నుంచి అడ్‌హాక్ అధ్యాపకుడి మీదికి జారుతూ వస్తుంది. అడుగున ఉన్నవాడు ఎక్కడ దొరికితే అక్కడ కొంటాడు. ఇది రాయకుండా పేర్ల జాబితా మాత్రమే ఇస్తే మీరు రోగాన్ని వదిలి జ్వరమాపకాన్ని తిట్టినట్టు.

ఇక జాబితా. మీ యూనివర్సిటీ గత అయిదేళ్లలో ఎన్ని పేపర్లు ప్రచురించిందో మీ దగ్గర లెక్క ఉందనుకుంటున్నారు. ఉండదు. విద్యాసంస్థలకు గ్రేడ్లిచ్చే న్యాక్‌కు పంపిన లెక్క ఒకటి, ఎన్‌ఐఆర్‌ఎఫ్ లెక్క ఇంకొకటి, వార్షిక నివేదికలో మూడోది ఉంటాయి. నేను పనిచేసిన ఒకచోట యూనివర్సిటీ పేరే పదకొండు రకాలుగా కనిపించింది. పూర్తి పేరు, పొడి అక్షరాలు, ఊరి పేరుతో ఒకటి, ఊరి పాత స్పెల్లింగ్‌తో ఒకటి, ‘యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ ఇంజినీరింగ్’ అని మాత్రమే రాసినవి కొన్ని. వీటన్నిటినీ కలిపితేగాని మొత్తం తేలదు. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ చందా లేకపోయినా ఫర్వాలేదు, పేపర్ల వివరాలిచ్చే ఓపెన్‌అలెక్స్, క్రాస్‌రెఫ్ ఉచితమే. ప్రతి పేపరుకూ డీఓఐ నంబరు, అంటే దాని శాశ్వత గుర్తింపు సంఖ్య, ఉండేలా చూసుకోండి, తర్వాత పనంతా దాని మీదే నడుస్తుంది. మొదటి నెల దీనికే పోతుంది. మీకు ఇద్దరు చురుకైన పీజీ విద్యార్థులు, ఒక లైబ్రరీ ఉద్యోగి కావాలి.

అనుబంధ కళాశాలల సంగతి మన రెండు రాష్ట్రాల్లో ప్రత్యేకమైన తలనొప్పి. వందల కాలేజీలకు అఫిలియేషన్ ఇచ్చిన యూనివర్సిటీలో, ఒక కాలేజీ అధ్యాపకుడు తన పేపరులో కాలేజీ పేరు రాసి కింద యూనివర్సిటీ పేరు కూడా రాస్తాడు. ర్యాంకుకు లెక్కపెట్టేటప్పుడు ఆ పేపరు మనది, ఉపసంహరించినప్పుడు మాత్రం ‘అది అనుబంధ కాలేజీది’ అనే వాదన వినిపిస్తుంది. రెండూ కుదరవు. ఏది మనది అనే గీత ముందే గీసి, కారణం రాసి, దాన్ని మధ్యలో మార్చకండి.

జాబితా వచ్చాక రెండు పోలికలు సులువు. ఒకటి రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్. 2010లో ఐవాన్ ఓరాన్‌స్కీ, ఆడమ్ మార్కస్ మొదలుపెట్టిన ఈ ప్రయత్నం ఫలితంగా తయారైన డేటాబేస్‌ను 2023లో క్రాస్‌రెఫ్ తీసుకుని అందరికీ ఉచితం చేసింది. మీ డీఓఐలను దానితో సరిచూస్తే ఉపసంహరించిన పేపర్లు, వాటి కారణాలు బయటపడతాయి. రెండోది స్కోపస్ తన సూచిక నుంచి తీసేసిన జర్నళ్ల జాబితా, అదీ ఉచితంగా దొరుకుతుంది. బేరూత్‌లోని అమెరికన్ యూనివర్సిటీకి చెందిన లోక్‌మాన్ మెహో 2025లో విడుదల చేసిన రిసెర్చ్ ఇంటెగ్రిటీ రిస్క్ ఇండెక్స్ మొదట ఈ రెండింటి మీదే నిలబడింది: వెయ్యి పేపర్లకు ఎన్ని ఉపసంహరణలు, మొత్తంలో ఎంత శాతం ఇలా తొలగించిన జర్నళ్లలో వచ్చాయి. దానిలో మన దేశపు యూనివర్సిటీలు చాలానే ఎర్ర గీత అవతల కనిపించడంతో వీసీలందరికీ ఒక్కసారిగా మెలకువ వచ్చింది.

ఆ సూచిక పనికొస్తుంది, కానీ దానితో జాగ్రత్త. రెండేళ్లలో 1,200 పేపర్లు రాసినచోట ఆరు ఉపసంహరణలైతే వెయ్యికి అయిదు. 200 పేపర్ల చిన్న యూనివర్సిటీలో ఒక్కటే పోయినా అదే అయిదు. ఈ రెండూ ఒక్కటి కావని నివేదికలో అరపేజీ ఖర్చుపెట్టి చెప్పండి. జర్నల్ తొలగింపు విషయంలో తేదీ చూడండి. పేపరు వచ్చిన రోజున జర్నల్ సూచికలో ఉండి, ఏడాది తర్వాత తీసేస్తే ఆ అధ్యాపకుడిని దొంగలా చూడడం అన్యాయం. మన దేశంలో అయితే అధికారిక జాబితాలే నిలకడగా లేవు. ఒకప్పుడు తానే ఆమోదించిన జాబితా నుంచి యూజీసీ 2018 మేలో 4,305 జర్నళ్లను ఒక్క దెబ్బతో తీసేసింది. ఆ ఏడాది చివర కేర్ అనే కొత్త ఏర్పాటు ప్రకటించి 2019లో దాని జర్నళ్ల జాబితా తెచ్చింది, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసి మంచి జర్నల్‌ను మీరే ఎంచుకోండి అంది. ఈ మధ్యలో ‘యూజీసీ ఆమోదిత’ అనే ముద్రను నమ్మి పేపరు పంపినవాడికి ఏం చెబుతాం?

ఉపసంహరణ నోటీసును ప్రతి ఒక్కదాన్నీ పూర్తిగా చదవండి, లెక్కపెట్టి వదిలేయకండి. కొన్నిటిలో రచయితలే తప్పు గమనించి వెనక్కి తీసుకున్నామని ఉంటుంది. అలాంటి వారిని నేనైతే సభలో మెచ్చుకోమంటాను. కొన్నిటిలో ప్రచురణకర్త పొరపాటు ఉంటుంది. హిందావి నోటీసులు మీకు గుత్తులుగా కనిపిస్తాయి. కైరోలో 1997లో మొదలైన ఆ ప్రచురణ సంస్థను 2021లో వైలీ దాదాపు 29.8 కోట్ల డాలర్లకు కొన్నది. ఆ జర్నళ్ల ప్రత్యేక సంచికల్లోకి పేపర్ మిల్లులు అప్పటికే చొరబడ్డాయి. ఆహ్వాన సంపాదకులు తమవాళ్లే, సమీక్షకులూ తమవాళ్లే. 2023లో ఒక్క హిందావి నుంచే 8,000కు పైగా పేపర్లు వెనక్కి వెళ్లాయి, ప్రపంచం మొత్తం మీద ఆ ఏడాది సంఖ్య 10,000 దాటింది. ఆ నోటీసులన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ప్రచురణ ప్రక్రియలో అవకతవకల గుర్తులు కనిపించాయి, అయితే అందులో రచయితలకు ప్రమేయం ఉందో లేదో మేము విచారించలేదు అని వాటిలోనే ఉంటుంది. అంటే నోటీసు శిక్ష కాదు, విచారణ మొదలుపెట్టమనే కబురు. ఆ విచారణ మీ సంస్థ చేయాలి.

ఇంతవరకూ చూసినదంతా పాత పాపం. పేపరు రావడానికీ ఉపసంహరణకూ మధ్య తరచుగా రెండు మూడేళ్లు పడుతుంది. వీసీగారు అడిగింది ముప్పు గురించి కదా, అది ఇంకా ఉపసంహరించని పేపర్లలో ఉంది. వాటిని ఒక్కొక్కటీ చదవడం ఎవరి తరమూ కాదు. నేను ఎక్సెల్ షీటులో వరుసలు చూస్తాను. ఒక వరుస గుర్తుంది. యంత్ర అభ్యసనంతో మొక్కల తెగుళ్లను గుర్తించడం మీద పేపరు. రచయితలు ఆరుగురు, నాలుగు దేశాలు. మనవాడు నాలుగో రచయిత, పనిచేసేది రసాయన శాస్త్ర విభాగంలో. మిగతా అయిదుగురితో అంతకుముందూ ఆ తర్వాతా ఒక్క పేపరూ లేదు. జర్నల్‌కు చేరిన తేదీకీ ఆమోదించిన తేదీకీ మధ్య మూడు వారాలు. ప్రత్యేక సంచిక. చిట్టచివర మొదటి చిత్తుప్రతిలో లేని రెండు పేర్లు సవరణ దశలో చేరాయి. వీటిలో ఏ ఒక్కటీ నేరం కాదు. అన్నీ ఒకే వరుసలో కనిపిస్తే మాత్రం ఫోను తీసి ఆ అధ్యాపకుడిని ‘మొక్కల ఫొటోలు ఎక్కడ తీశారు సార్?’ అని అడగాలి. ఆయన జవాబు, ‘అది టీమ్ చూసుకుంది.’ ఏ టీమ్ అంటే ఫోను పెట్టేశారు.

ఒక మనిషి పేరు మీద ఏడాదికి ఎన్ని పేపర్లున్నాయో కూడా దించండి. ఏడాదికి 72 పేపర్లు, అంటే అయిదు రోజులకొకటి దాటినవారిని 2018లో జాన్ ఐయోనిడిస్ బృందం లెక్కించి చూపితే లోకం ముక్కున వేలేసుకుంది. కొన్ని భౌతికశాస్త్ర ప్రయోగాల్లో వందలమంది సంతకాలు ఉంటాయి, వాటిని పక్కన పెట్టాలి. మీ దగ్గర 72 అక్కర్లేదు, బోధన భారం ఉన్నచోట 20 కనిపించినా ఆగి చూడవలసిందే. జీవశాస్త్రం, ఫార్మసీ, మెటీరియల్స్ విభాగాలు పెద్దవైతే బొమ్మలు కూడా చూడాలి. ఎలిజబెత్ బిక్ బృందం 2016లో 20,621 పేపర్లలో బొమ్మలు పరిశీలిస్తే 3.8 శాతంలో ఒకే బొమ్మను మళ్లీ వాడిన సమస్యలు కనిపించాయి. మీ పేపర్ల మీద, అచ్చయిన పేపర్లను చర్చించే పబ్‌పీర్ వెబ్‌సైటులో ఎవరైనా వ్యాఖ్యలు రాశారేమో వెతకండి, ఒక పూటలో అయిపోతుంది. తమ పాత పేపర్లను తామే ఉటంకించుకునేవారు, ఒకే కాలేజీలో ఒకరినొకరు ఉటంకించుకునే బృందాలు కూడా ఈ షీటులోనే బయటపడతాయి. డిజైన్ రిజిస్ట్రేషన్లను పేటెంట్లని చెప్పుకోవడం ఇంకో కొత్త ముచ్చట, దాని మీద వేరే నివేదికే రాయాలి.

సరైన సమీక్ష లేకుండా డబ్బు తీసుకుని పేపర్లు అచ్చేసే వేటగాడి (ప్రిడేటరీ) జర్నళ్లంటే ఎక్కడో దూరదేశాల వ్యవహారం అనుకునేవారికి మన హైదరాబాద్ గుర్తుచేయాలి. హైదరాబాద్ కేంద్రంగా జర్నళ్లు, సదస్సులు నడిపిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పీర్ రివ్యూ (తోటి పరిశోధకుల సమీక్ష), సదస్సుల వక్తలు, ఫీజుల విషయంలో పరిశోధకులను మోసగించిందని తేల్చి, 2019లో నెవాడాలోని ఫెడరల్ కోర్టు 5.01 కోట్ల డాలర్లు కట్టమంది. కాబట్టి మీ జాబితాలో మన ఊళ్ల సదస్సుల సంచికలను మొహమాటపడి వదిలేయకండి.

అన్నిటికంటే ఎక్కువ చెప్పే పరీక్ష ఒకటుంది, అది చివర్లో చేయండి. గత రెండేళ్ల పేపర్లలోంచి చీటీలు తీసినట్టు ఓ ముప్పై ఎంచుకోండి. అనుమానించినవి కాదు, గుడ్డిగా ఎంచినవే. ప్రతి రచయితనూ మూడే అడగండి: ముడి డేటా ఎక్కడుంది, మనుషుల మీదో జంతువుల మీదో చేసిన పనైతే ఎథిక్స్ కమిటీ ఉత్తరం ఏది, పేపరులో ఎవరు ఏ పని చేశారు. రెండు వారాల గడువివ్వండి. నిజంగా పనిచేసినవాళ్లు కాస్త విసుక్కుంటారు, కానీ ల్యాబ్ నోటుబుక్కు, పెన్‌డ్రైవు పట్టుకుని మూడో రోజే వస్తారు, కూర్చోబెడితే గంటసేపు చెబుతారు. కొందరి హార్డ్ డిస్కులు సరిగ్గా ఆ వారమే పాడవుతాయి. నిజంగా పాడైనవీ ఉంటాయి, అందుకే వెంటనే తీర్పు రాయవద్దు. డేటా దాచుకునే చోటు యూనివర్సిటీ ఎన్నడైనా ఇచ్చిందా? ఇవ్వకపోతే అది కూడా మీరు నమోదు చేయవలసిన ముప్పే. ముప్పైలో ఎన్నిటికి డేటా కళ్లతో చూశారన్న ఒక్క అంకె, వంద సిమిలారిటీ రిపోర్టులకు సమానం.

రాసేటప్పుడు ఒక గీత దాటకండి. మీరు చేస్తున్నది ముప్పు అంచనా, విచారణ కాదు. నివేదికలో విభాగాలు, సంఖ్యలు, నిబంధనలు ఉండాలి, వ్యక్తుల పేర్లు ఉండకూడదు. పేర్లున్న అనుబంధాన్ని సీలు కవరులో పెట్టి, 2018 నిబంధనల ప్రకారం ఏర్పడవలసిన సంస్థాగత అకడమిక్ ఇంటెగ్రిటీ ప్యానెల్‌కు మాత్రమే ఇవ్వండి. ఆ ప్యానెల్ మీ దగ్గర కాగితం మీద ఉంటుంది, చివరిసారి ఎప్పుడు కూర్చుందో మినిట్స్ అడిగి చూడండి. అడ్‌హాక్ అధ్యాపకుల పేర్లు ముందు బయటికి పొక్కుతాయి, డీన్‌ల పేర్లు ఎప్పటికీ పొక్కవు. ఒకచోట ఆ లీకును ఆపలేకపోయాను, ఇద్దరు కుర్ర అధ్యాపకుల ఉద్యోగాలు పోయాయి. వారి పేపర్ల మీద చివరి రచయితగా ఉన్న పెద్దమనిషికి ఏమీ కాలేదు. అందుకే ఈసారి ఎవరు అడిగినా, ఆ పేర్లు పక్క గది ఉద్యోగి కంప్యూటర్‌లో కూడా ఉంచవద్దని చెబుతున్నాను.

మీ పేపర్లు కూడా ఆ జాబితాలో ఉంటాయి కదా మేడమ్, వీసీగారివీ ఉంటాయి. ఆ వరుసలను మీరు చూడకండి, వేరే యూనివర్సిటీలోని ఒకరిచేత చూపించి, ఆ సంగతిని మొదటి పేజీలోనే రాసి సంతకం పెట్టండి. కావాలంటే ఆ వరుసలు నాకు పంపండి, నేను చూసిపెడతాను.